641 దగ్గర ఆగిన నోటుపుస్తకం

ప్రశ్న: పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి 4294967297 అనే సంఖ్యను పట్టుకుని రెండు రోజులు వదల్లేదు. 2, 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యలతో భాగించుకుంటూ పోయి, 641 దగ్గర శేషం సున్నా వచ్చిందని గంతులేసింది. ఈ పిచ్చికి ఏ ఉద్యోగం వస్తుంది? గణితం డిగ్రీ మంచిదా, కంప్యూటర్ సైన్సా?

జవాబు: మీరు పంపిన నోటుపుస్తకం పేజీలు చూశాను. 337 దగ్గర లెక్క తప్పి, కొట్టేసి, మళ్లీ మొదటి నుంచి చేసింది. ఆ కొట్టివేత నాకు బాగా నచ్చింది.

641 అనేది 116వ ప్రధాన సంఖ్య. అంటే అమ్మాయి 116 భాగహారాలు చేసింది. ఆ 4294967297 ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా అంతటివాడు నమ్మాడు. అది 641 × 6700417 అని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. 32 రెళ్లను గుణించి 1 కలిపితే వచ్చే సంఖ్య ఇది. దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలి. ఇదీ ఆయిలర్ నిరూపించిందే. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే పని అయిపోయేది!

ఈ మాట అమ్మాయికి చెప్పి, ఏమంటుందో గమనించండి. “ఆ 64 ఎక్కడిది?” అని పట్టుకుంటే గణితంలో చేర్చండి. “ప్రోగ్రాం రాస్తాను, ఇంకా పెద్దది ఇవ్వండి” అంటే కంప్యూటర్ సైన్సు. రెండూ అనకుండా మళ్లీ భాగహారానికి కూర్చుంటే, అది సరదా. సరదాగానే ఉండనివ్వండి, చదువు వేరేది చూడండి.

కారణాంకాలు వెతికే ఉద్యోగం అంటూ లేదు. అవి దొరకవన్న ధీమా మీద నడిచే ఉద్యోగాలు మాత్రం చాలా ఉన్నాయి. రహస్య సందేశాలకు తాళం వేసే 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ పద్ధతికి ఆ ధీమాయే ఆధారం. 250 అంకెల సంఖ్య ఒకదాన్ని 2020లో విడగొట్టడానికి పట్టిన శ్రమ, ఒక్క ప్రాసెసర్ కోర్ మీద అయితే సుమారు 2,700 ఏళ్ల పని. అయితే క్వాంటం కంప్యూటర్లు వస్తే ఈ తాళం తెరుచుకుంటుందని 1994లోనే గణితవేత్త షోర్ చూపించాడు. కారణాంకాలతో నిమిత్తం లేని కొత్త తాళాల ప్రమాణాలను అమెరికా ప్రమాణాల సంస్థ 2024లో విడుదల చేసింది. తాళాల వెనకున్న గణితమే మారిపోతోంది, అందుకే డిగ్రీ పేరు కన్నా సిలబస్ ముఖ్యం: లీనియర్ ఆల్జీబ్రా, ఆధునిక బీజగణితం, అల్గారిదమ్‌లు మూడూ ఉన్నాయో లేదో చూడండి. ప్రధాన సంఖ్యను వేగంగా, కచ్చితంగా గుర్తించే పద్ధతిని 2002లో కనిపెట్టిన ముగ్గురూ కాన్పూర్ ఐఐటీ కంప్యూటర్ సైన్స్ విభాగం వారే.

ఈలోగా 64 రెళ్లను గుణించి 1 కలిపి, దాని కారణాంకం వెతకమనండి. చిన్న కారణాంకం 274177. ఆ ముక్క మీ దగ్గరే ఉంచుకోండి. పాత పద్ధతిలో అయితే ఇరవై వేలకు పైగా భాగహారాలు, ఆ నోటుపుస్తకం ఏ మూలకూ చాలదు.