ప్రీస్కూల్ టీచర్ ఇంటర్వ్యూలో పిల్లల భద్రత గురించి అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ తర్వాత ప్రీస్కూల్ టీచర్ ట్రైనింగ్ తీసుకుంది. ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో ‘పాప ప్రవర్తనలో తేడా కనిపిస్తే ఏం చేస్తావు, బాడీ సేఫ్టీ ఎలా నేర్పుతావు’ అని అడిగితే తడబడింది. రైమ్స్, ఫోనిక్స్ తప్ప ఇవేవీ ట్రైనింగ్‌లో చెప్పలేదట. ఇప్పుడు ఏం నేర్చుకోవాలి? (ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: ఆ ప్రశ్న అడిగేవాళ్లు తెలుసుకోవాలనుకునేది ఒకటే. అనుమానం వస్తే ఈ అమ్మాయి తనే విచారణ మొదలుపెడుతుందా, లేక చూసింది చూసినట్టు రాసి వెంటనే పైవాళ్లకి చెబుతుందా అని. రెండోదే సరైన జవాబు.

ముందు గమనించడం. మూడు నాలుగేళ్ల పిల్లలు జరిగింది వరసగా చెప్పలేరు, ఒంటితో చెబుతారు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. నిన్నటిదాకా ఆయాతో హాయిగా టాయిలెట్‌కి వెళ్లిన పాప ఇవాళ చెడ్డీ గట్టిగా పట్టుకుని ఏడుస్తుంది. ఒక మనిషి పేరు వింటేనో, వ్యాన్ ఎక్కమంటేనో బిగుసుకుపోతుంది. వీటిలో ఏ ఒక్కటీ దానంతటది రుజువు కాదు, ఇంట్లో తమ్ముడు పుట్టినా పక్క తడుపుతారు. కానీ రెండు మూడు కలిసి వస్తున్నా, హఠాత్తుగా వచ్చినా రాసిపెట్టాల్సిందే.

దెబ్బల విషయంలో చోటు ముఖ్యం. మోకాళ్లు, మోకాలి కింద ముందు ఎముక, నుదురు ఆటలో తగిలే చోట్లు. చెవి, మెడ, పొట్ట, వీపు, తొడల వెనక కమిలితే ఆగి చూడాలి. ఇక్కడ కొత్త టీచర్లు తరచు పొరబడేది ఒకటుంది. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుం కింద నీలం రంగు మచ్చ ఉంటుంది. కమిలిన చోటు రోజుల్లో రంగు మారి, మామూలుగా రెండు వారాల్లో పోతుంది. పుట్టుకతో వచ్చింది నెలల తరబడి అలాగే ఉంటుంది. అడ్మిషన్ రోజే తల్లిని అడిగి ఫారంలో రాసుకుంటే ఈ గొడవ ఉండదు. నాటువైద్యం పేరుతో పెట్టిన వాతలు కనిపిస్తే మాత్రం, ఇంట్లోవాళ్లు మంచికే చేశామన్నా, అది గాయమే. రాయాలి, చెప్పాలి.

ఎలా రాయాలి? ‘పాప భయపడుతోంది’ అని రాస్తే అది టీచర్ అభిప్రాయం. ‘10:40కి వ్యాన్ వచ్చిందనగానే టేబుల్ కింద దూరింది, పది నిమిషాలు బయటికి రాలేదు’ అని రాస్తే అది నోట్. తేదీ, టైమ్, దెబ్బ ఎక్కడుందో చిన్న బొమ్మ, పాప అన్న మాట అన్నట్టుగానే, కింద సంతకం.

పాప ఏదైనా చెప్పడం మొదలుపెడితే పక్కన కూర్చుని వినాలి. ‘ఊఁ, తర్వాత?’ చాలు. ‘ఆ అంకుల్ ఇక్కడ ముట్టుకున్నాడా?’ అని అడిగామంటే మనమే జవాబు నోట్లో పెట్టినట్టు, రేపు కోర్టులో ఆ మాట నిలవకపోవచ్చు. ‘ఎవరికీ చెప్పనులే’ అని ఒట్టు వేయకూడదు. ఇంకో టీచర్ని పిలిచి మళ్లీ చెప్పించకూడదు. అనుమానం ఉన్న మనిషిని నిలదీయకూడదు. అప్పుడే జరిగిందనిపిస్తే పాపకి స్నానం చేయించడం, బట్టలు ఉతకడం వద్దు.

అదే రోజు హెడ్‌కి చెప్పాలి. ‘స్కూల్ పేరు పోతుంది, వదిలేయ్’ అంటే అక్కడితో ఆగడానికి లేదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకి చెప్పాల్సిందే. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన యజమానికైతే ఏడాది దాకా జైలు, జరిమానా. మంచి ఉద్దేశంతో ఇచ్చిన సమాచారానికి కేసు ఉండదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, ఎమర్జెన్సీ నంబర్ 112కి గానీ ఫోన్ చేయొచ్చు. పాపని స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయపడతారు గానీ, వాంగ్మూలం ఇంట్లోనో పాపకి నచ్చిన చోటో, యూనిఫాం లేని పోలీసులే తీసుకోవాలని ఆ చట్టంలోనే ఉంది.

ఇక బాడీ సేఫ్టీ. ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ అని పాట పాడించి వదిలేస్తే చాలదు. చక్కిలిగింతలతో, చాక్లెట్‌తో మొదలయ్యేది పిల్లలకి ‘బ్యాడ్’ అనిపించదు. అందుకే ఇష్టాయిష్టాలు కాదు, రూల్ చెప్పాలి: బనియన్, చెడ్డీ కప్పే చోట్లూ, నోరూ నీ సొంతం. కడగడానికి ఇంట్లో అమ్మ, స్కూల్లో ఆయా గానీ టీచర్ గానీ, చూడటానికి అమ్మ పక్కనుండగా డాక్టర్, అంతే. ‘తెలియనివాళ్లు’ అని మాత్రమే నేర్పితే అసలు ప్రమాదం బయటే ఉండిపోతుంది, ఇలాంటి కేసుల్లో నేరం చేసేది ఎక్కువగా తెలిసినవాళ్లే.

ఒంటి భాగాల పేర్ల దగ్గరే మనవాళ్లు నీళ్లు నములుతారు. ఒక్కో ఇంట్లో ఒక్కో ముద్దుపేరు ఉంటుంది, పాప ఆ పేరుతో చెబితే టీచర్‌కి అర్థమే కాదు. పేరెంట్స్ మీటింగ్‌లో ముందే చెప్పి, ఆ ముద్దుపేరు పక్కన అసలు పేరు కూడా నేర్పాలి. వారానికోసారి బొమ్మతో పదిహేను నిమిషాలు చాలు: ‘వద్దు’ అను, పక్కకి వచ్చేయ్, చెప్పు. చెప్పడానికి ఐదు వేళ్లకి ఐదుగురు పెద్దలు, అందులో ఒకరైనా ఇంటి బయటివాళ్లు. పుట్టినరోజు సర్‌ప్రైజ్ తర్వాత అందరికీ తెలుస్తుంది, ‘ఎప్పటికీ చెప్పకు’ అన్నది మాత్రం దాచకూడదు, ఈ తేడా కూడా చెప్పాలి. అసలు పాఠం మాత్రం టాయిలెట్ దగ్గరే: కడిగే ముందు ‘కడగనా బంగారం?’ అని అడగడం, తలుపు ఓరగా తీసి ఉంచడం. మామయ్యకి ముద్దు పెట్టమని ఇంట్లో బలవంతం చేస్తే క్లాసులో నేర్పిన ‘వద్దు’ అక్కడితో సరి. ఇది మీకూ వర్తిస్తుందండీ.

ఇంకా చదివించాలనుకుంటే తెలంగాణలో డీసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా రెండేళ్ల డీపీఎస్‌ఈ (ప్రీస్కూల్ టీచర్ డిప్లొమా), లేదా ఇగ్నో దూరవిద్య ఏడాది ఈసీసీఈ (చిన్నపిల్లల సంరక్షణ, విద్య) డిప్లొమా చూడండి. ప్రైవేటు సర్టిఫికెట్ అయితే డబ్బు కట్టేముందు సిలబస్ కాగితం అడగండి, అందులో ఈ పాఠానికి ఎన్ని గంటలో చూడండి.

ఈసారి ఇంటర్వ్యూలో మీ అమ్మాయిని కూడా రెండు ప్రశ్నలు వేయమనండి. 2020 పోక్సో రూల్స్ ప్రకారం సిబ్బంది అందరికీ, ఆయా, డ్రైవర్‌తో సహా, పోలీస్ వెరిఫికేషన్ చేయించారా? ఆయా సెలవు పెట్టిన రోజు పిల్లల్ని టాయిలెట్‌కి ఎవరు తీసుకెళ్తారు? రెండో ప్రశ్నకి ‘ఎవరుంటే వాళ్లు’ అన్నారంటే జీతం ఎంతైనా సరే, ఇంకో స్కూల్ చూసుకోమనండి.