ఐస్ స్కేటింగ్ బ్లేడ్లకు తిరుపతిలో సాన పట్టేవారు ఉన్నారా?

మీ అమ్మాయి సెలవులకు గురుగ్రామ్ నుంచి వచ్చిందనీ, తన ఫిగర్ స్కేటింగ్ బ్లేడ్లకు తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ సాన పట్టించాలనీ రాశారు. మన దగ్గర సాన పట్టేవారికి కొరత లేదు. ఈ బ్లేడు పట్టడం తెలిసినవారే నాకు కనబడలేదు. తెలుసని చెప్పేవారు ఉన్నారు, భయమంతా వారితోనే.

మా అక్క కూతురు కూడా గురుగ్రామ్‌లోనే స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఒక వేసవిలో బ్లేడ్లు బిగించిన స్కేటింగ్ బూట్లు వెంట తెచ్చుకుంది. బైరాగిపట్టెడలో మా వీధికి సైకిల్ మీద సాన పట్టే పెద్దాయన వచ్చేవాడు. అమ్మ కత్తిపీటతో పాటు బావ ఆ బూట్లనూ ఆయన ముందు పెట్టాడు. ఆయన సైకిల్‌కు స్టాండు వేశాడు గానీ పెడలు తొక్కలేదు. బూటు తిరగేసి, బ్లేడు మీద అడ్డంగా గోరు నడిపాడు.

"నడుమ గాడి ఉంది సార్. అటొక అంచు, ఇటొక అంచు. నా రాయి మీద పెడితే గాడి పోతుంది, తీసుకుపోండి" అన్నాడు.

డబ్బు ఎక్కువిస్తామని బావ బేరం మొదలుపెట్టాడు. "డబ్బు ఎక్కువిస్తే నా రాయి ఆకారం మారుతుందా?" అంటూ ఆయన కత్తిపీట అందుకున్నాడు. మంచు మీద ఎన్నడూ కాలు పెట్టని మనిషి బ్లేడు గుట్టంతా గోటితో కనిపెట్టాడు!

బావ ఊరుకుంటాడా? సాయంత్రం ఒక లేత్ వర్క్‌షాపుకు పట్టుకెళ్ళాడు. "రెండు నిమిషాల పని" అన్నారట. బ్లేడు అక్కడక్కడా నీలం తిరిగి, బ్లేడు ముందు కొసన రంపంలా ఉండే పళ్ళలో అన్నిటికంటే కిందిది సగం అరిగి ఇంటికొచ్చింది. ఉక్కు అలా నీలం తిరిగితే వేడికి గట్టిదనం పోయినట్టే, ఇక అంచు నిలవదు. ఆ కింది పన్ను లేనిదే జంప్‌లు కుదరవు. అక్క ఆ రోజు బావకు పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయలేను.

అసలు పద్ధతి వేరు. ముందు రాయి అంచును వజ్రపు మొనతో గుండ్రంగా దిద్ది, దాని మీద బ్లేడును పొడవునా నడుపుతారు. గాడి వ్యాసార్ధం సాధారణంగా అర అంగుళానికి అటూ ఇటూ ఉంటుంది. పని అయ్యాక వడ్రంగి మూలమట్టం అడ్డంగా ఆనించి చూడండి. ఒక అంచు ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉంటే పిల్ల వంకరగా జారుతుంది.

అయినా తిరుపతిలో మంచెక్కడిది, సెలవుల్లో అంచు మొద్దుబారడానికి? బ్లేడ్లు పొడిగా తుడిచి, ప్లాస్టిక్ తొడుగులు తీసేసి గుడ్డ తొడుగుల్లో ఉంచండి, తుప్పు పట్టదు. దేశంలో రింకులే, అంటే స్కేటింగ్ చేసే మంచు మైదానాలే, వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడలకు కట్టిన రింకునే ఏళ్ళ తరబడి మూసి ఉంచారు, ఇక సాన పట్టేవారు ఎక్కడ తయారవుతారు?

గురుగ్రామ్ వెళ్ళాకే పట్టించండి. గాడి ఎంత లోతు కావాలని, అమ్మాయి బరువెంత అని మిమ్మల్ని ఎదురు అడిగినవారికే బూట్లు ఇవ్వండి.