చిలికా బయల్దేరుతున్న మా మేనల్లుడికి

ఒరే చిన్నా,

సంక్రాంతి సెలవుల్లో కారేసుకుని ఒడిశాలోని చిలికా సరస్సుకి వెళ్తున్నారని, దారిలో బౌద్ధ స్తూపాలు కూడా చూసేసి రాత్రికల్లా ఇంటికొచ్చేస్తారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వద్దురా. వైజాగ్ నుంచి చిలికా ఒడ్డునున్న రంభ దాదాపు 300 కిలోమీటర్లు, ఒక్కరోజులో వెళ్లొస్తే మీరు చూసేది లారీల వెనక రాతలే. రంభలో ఒక రాత్రి ఉండండి.

స్తూపమున్న తొట్లకొండని ఆ రోజుకి పెట్టుకోకు. భీమిలి బీచ్ రోడ్డులోనే కదా, ముందురోజు సాయంత్రం వెళ్లండి. స్తూపం దగ్గర ఫొటోలు దిగి దిగిపోకుండా, రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు చూపించు పిల్లలకి. ఆ కొండకి పేరొచ్చింది వాటివల్లే. కళ్లెదురుగా అంత సముద్రం ఉన్నా గుక్కెడు తాగడానికి పనికిరాదు, అందుకే రెండువేల ఏళ్ల కిందట అక్కడి భిక్షువులు వాననీటిని ఆ తొట్లలో పట్టుకున్నారు. 1988 నుంచి 1993 దాకా తవ్వితే శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. రోము ఎక్కడ, మన భీమిలి రోడ్డు ఎక్కడ! నాకైతే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మర్నాడు 5 గంటలకల్లా బండి తియ్యి. శ్రీకాకుళంలో హైవే వదిలి కళింగపట్నం రోడ్డు పడితే స్తూపాలున్న శాలిహుండం కొండ వస్తుంది, చిలికా వెళ్లేవాళ్లలో చాలామంది దీన్ని వదిలేసి పోతారు, అదే నా బాధ. పొద్దున్నే ఎక్కాలి ఆ కొండ. మేమోసారి ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం వెళ్లాం, నీళ్ల సీసాలు కారులోనే ఉండిపోయాయి, సగం దారిలో మీ అత్తకి కళ్లు తిరిగి మెట్టు మీద కూలబడిపోయింది. నాకు కాళ్లూచేతులూ ఆడలేదు. మనిషికో సీసా చేతిలో ఉండాల్సిందే. పైకెక్కాక ఇటుక స్తూపాల మధ్య నిలబడితే కింద వంశధార కనిపిస్తుంది, ఆ నీళ్లే కాస్త దూరంలో కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. అక్కడ కనీసం గంటసేపు ఉండండి.

పలాసలో జీడిపప్పు కొనుక్కో. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. భోజనం చేశాక నిద్రొస్తే మొహమాటపడకుండా బండి పక్కన ఆపి అరగంట పడుకో.

చిలికాలో బోటు పొద్దున్నే ఎక్కండి, మధ్యాహ్నం గాలి లేస్తే పిల్లలు భయపడతారు. ఎక్కకముందే ఎన్ని గంటలు, ఏ దీవి, ఎంత అన్నది తేల్చుకో, లైఫ్ జాకెట్లు లేకపోతే ఎక్కొద్దు. డాల్ఫిన్లు ఎక్కువగా ఉండేది పూరీ వైపు, సాతపడా దగ్గర. రంభలో చూపిస్తామంటే డబ్బులివ్వకు. మీకు పక్షులు చాలు, చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. గుంపు కనిపిస్తే దూరంగానే ఇంజన్ ఆపించు. ఆ చప్పుడు ఆగాక రెక్కలు నీళ్లని కొట్టే శబ్దం వినిపిస్తుంది చూడు, అది వినడానికే నేను మళ్లీ మళ్లీ వెళ్లాను. ఆ సరస్సుకి సముద్రపు దారి పూడుకుపోయి చేపలు తగ్గిపోతే 2000లో కొత్త ముఖద్వారం తవ్వారు, అప్పుడు తేరుకుంది. అందుకే చెప్తున్నా, చిప్స్ కవరు ఒక్కటి కూడా నీళ్లలో పడనివ్వొద్దు.

మీ అమ్మకి మోకాళ్ల నొప్పులు, బోటు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చెయ్యి పట్టుకో. స్టెప్నీలో గాలి చూసుకో. శాలిహుండం చేరగానే ఫోన్ చెయ్యి.

మీ మావయ్య