బార్త్ అంటే భయపడాలా?

ప్రశ్న: మా అబ్బాయి సెమినరీలో (పాస్టర్లని తయారుచేసే కాలేజీలో) చదువుతున్నాడు. సెలవులకి వచ్చి, బైబిలు దేవుని వాక్యం ‘అవుతుంది’ అంటాడు గానీ ‘దేవుని వాక్యమే’ అని తెగేసి చెప్పడు. అదేంట్రా అంటే కార్ల్ బార్త్ పేరు చెబుతాడు. పిల్లాడు విశ్వాసం పోగొట్టుకున్నాడని వాళ్ల తాతకి ఒకటే టెన్షన్. ఎవరండీ ఈ బార్త్?
– ఒక తండ్రి, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ముందు తాతగారికి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి. బార్త్ ఇరవయ్యో శతాబ్దపు క్రైస్తవ వేదాంత పండితుడు, మొదట్లో స్విట్జర్లాండులో ఒక చిన్న ఊరి పాస్టరు. 1914లో హార్నాక్ లాంటి తన గురువులే జర్మనీ చక్రవర్తి కైజరు యుద్ధానికి మద్దతుగా సంతకాలు పెట్టడం చూసి, మనిషి సంస్కృతినీ దేవుణ్ణీ కలగలిపేసిన ఆ చదువు మీదే ఆయనకి నమ్మకం పోయింది. బైబిల్లోని రోమా పత్రిక మీద తను రాసిన వ్యాఖ్యానాన్ని 1922లో దాదాపు మొత్తం తిరగరాశాడు. అందులో చెప్పిందొకటే: మనిషి ఎక్కి దేవుణ్ణి చేరలేడు, ఆయనే దిగి రావాలి, అంతే. ఇక వాక్యం సంగతి. బార్త్ లెక్కలో అసలు వాక్యం క్రీస్తు, బైబిలు ఆయనకి సాక్షి, దేవుడు దాని ద్వారా మాట్లాడినప్పుడు అది వాక్యం అవుతుంది. ఎన్నోసార్లు చదివిన అధ్యాయమే ఒక రోజు గుండెకి తగులుతుంది చూడండి, అలాంటిది (ఇలా అనుభవానికి కుదించానని తెలిస్తే బార్త్ నన్ను కోప్పడేవాడు). 1934లో హిట్లర్‌కి వంతపాడే క్రైస్తవులకి వ్యతిరేకంగా వచ్చిన బార్మెన్ ప్రకటన ముఖ్యంగా ఆయన రాసిందే. హిట్లర్‌ని ఎదిరించి ప్రాణాలిచ్చిన జర్మన్ పాస్టరు బాన్‌హోఫర్ మీద కూడా ఆయన ప్రభావం గట్టిగానే ఉంది. విశ్వాసం పోగొట్టే బాపతు కాదు.

నా పేచీ వేరే చోట. 1938లో మద్రాసు పక్క తాంబరంలో జరిగిన మిషనరీల మహాసభ కోసం హెండ్రిక్ క్రేమర్ అనే డచ్ మిషనరీ ఒక పుస్తకం రాశాడు. బార్త్ ప్రభావం ఉన్నవాడే. సువార్తకీ ఇతర మతాలకీ మధ్య పూడ్చలేని అగాధం ఉందన్నాడు. మన తెలుగువాడు, లాయరు పి. చెంచయ్య గారు ఒప్పుకోలేదు. క్రీస్తులో కొత్త సృష్టి మొదలైందనీ, దాన్ని ఈ దేశపు ఆధ్యాత్మిక వారసత్వంలోంచి కూడా అర్థం చేసుకోవచ్చనీ వాదించాడు. నేను చెంచయ్య వైపే. మీ పర్లాకిమిడి వైపు పుట్టిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు మీ నాన్నగారు పాడే ఉంటారు, రాగం తాళం కట్టిన ఆ పాటల్లో మన భజన పద్ధతి అంతా ఉంది కదా. ఆ అగాధం ఇక్కడ ఎక్కడుందో మీ అబ్బాయినే అడగండి. చెంచయ్యని కూడా చదివాడా అనీ అడగండి.