కుంటలో చేరిన నల్ల తాబేలు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కొత్తగా తవ్వించిన కుంటలో తాబేలు కనిపించిందనీ, దానిని ఇంటికి తెచ్చి తొట్టిలో పెంచుదామని పిల్లలు పట్టుబడుతున్నారనీ వ్రాశావు. తేవద్దు, అది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ముందు అది ఏ రకమో చూడు. డిప్ప మెత్తని తోలులా ఉండి, ముక్కు గొట్టంలా సాగి ఉంటే అది వేరే జాతి. డిప్ప గట్టిగా, నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉండి, వీపు మీద నిలువునా మూడు గట్లు కనిపిస్తే అది నల్ల తాబేలే. 1812లో దానికి పెట్టిన ‘ట్రైజుగా’ అనే శాస్త్రీయ నామం ఆ మూడు గట్లను బట్టి వచ్చినదే. అడుగు డిప్ప నల్లగా ఉండి అంచున పసుపు తేలుతుంది; మగదానికి అది కాస్త లోపలికి నొక్కుకుని ఉంటుంది. అలాగని తిప్పి చూడబోకు. బెదిరితే అది భరించలేని కంపు వదులుతుంది. చిన్నప్పుడు నేను ఒకదానిని ఎత్తిన రోజు మీ అమ్మ నన్ను అరుగు దాటి లోపలికి రానివ్వలేదు.

చెరువులు, బావులు, వరి మడులు, నిదానంగా పారే వాగులు దాని నివాసాలు. పగలు గట్టున ఎండ కాగుతుంది, రాత్రి గట్టెక్కి గడ్డి, రాలిన పండ్లు, నత్తలు, చచ్చిన జీవాలు తింటుంది. అందుచేత దానికి నీరు ఎంత అవసరమో గట్టూ అంతే అవసరం. ఎదిగిన తాబేలు డిప్పలోకి ముడుచుకుంటే, మొసళ్లున్న చోట తప్ప, దానిని తినగల జంతువులు తక్కువ. అసలు గండం గుడ్లకూ పిల్లలకూ ఉంది. మట్టిలో పెట్టిన కొద్దిపాటి గుడ్లను నక్కలు, ముంగిసలు, ఉడుములు తవ్వి తినేస్తాయి, పిల్లలను కాకులు, కొంగలు ఎత్తుకుపోతాయి. నీ కాపలా కుక్కను కూడా ఈ లెక్కలోనే వేసుకో. గట్టు మీద గడ్డిని తగలబెట్టించకు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది నువ్వు కుంటలో పరిపించిన ప్లాస్టిక్ పట్టా. ఆ నున్నటి వాలు మీద గోళ్లు పట్టక, తాబేలు ఎక్కుతూ జారుతూ అలసిపోయి చస్తుంది. ఒక మూల పాత గోనె సంచులు కుట్టి నీటిలోకి వేలాడదీసి, వాటి పక్కన ఒక దుంగను ఏటవాలుగా ఆనించు. మోటారు గొట్టం ఉన్న వైపు కాకుండా గడ్డి ఉన్న వైపే ఆ ఏర్పాటు చేసి, రాత్రిళ్లు కుక్కను అటు కట్టేయకు.