పార్కింగ్ మీది, గోడ అందరిది: కారు ఛార్జర్‌కు అసోసియేషన్ అడ్డు చెప్పవచ్చా?

ప్రశ్న: విజయవాడలోని అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. స్టిల్ట్‌లో (స్తంభాల మధ్య వాహనాలకు వదిలిన కింది అంతస్తులో) నాకు కేటాయించిన పార్కింగ్ గురించి సేల్ డీడ్‌లో రాసి ఉంది. ఈ మధ్య ఎలక్ట్రిక్ కారు కొన్నాను. దానితో పాటు గోడకు బిగించే 7.4 కిలోవాట్ల ఛార్జర్ ఇచ్చారు. బిగించడానికి వచ్చినవారు అసోసియేషన్ నుంచి నిరభ్యంతర పత్రం తెమ్మన్నారు. కార్యదర్శిని అడిగితే ‘బ్యాటరీ అంటుకుంటే బిల్డింగ్ మొత్తం కాలిపోతుంది, కుదరదు’ అని నోటిమాటతో తేల్చేశారు. నా మీటరు నుంచి నా పార్కింగ్‌కు వైరు వేసుకోవడానికి వారి అనుమతి ఎందుకు? కొత్త మీటరు తీసుకుంటే ఈ ఇబ్బంది ఉండదా?

జవాబు: మీ ప్రశ్నలో రెండు వేర్వేరు హక్కులు ముడిపడి ఉన్నాయి. కారు ఛార్జింగ్‌కు కరెంటు పొందే హక్కు ఒకటి. ఆ కరెంటును మీటరు నుంచి కారు దాకా తెచ్చుకునే దారి మీద హక్కు మరొకటి. మొదటి దానిలో మీకు తిరుగులేదు. చిక్కంతా రెండో దానితోనే.

సొంత ఇంటి కనెక్షన్‌తోనే వాహనాన్ని ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. విడిగా మీటరు కావాలన్నా దారి ఉంది. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు, 2020కి 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం, వాహనాల ఛార్జింగ్ కోసం ప్రత్యేక కనెక్షన్ అడిగితే డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఇవ్వాలి. దరఖాస్తు అన్ని విధాలా సరిగా ఉంటే కొత్త కనెక్షన్‌కు గడువు మెట్రోపాలిటన్ ప్రాంతాల్లో 3 రోజులు, ఇతర మున్సిపల్ ప్రాంతాల్లో 7 రోజులు, గ్రామాల్లో 15 రోజులు. డిస్కం తాత్సారం చేస్తే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడ న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

అయితే ఈ నిబంధనలన్నీ మీకూ డిస్కంకూ మధ్య సంబంధాన్ని చెప్పేవి. కేబుల్ వెళ్లే గోడ గురించి అవి మాట్లాడవు. కొత్త మీటరు తెచ్చుకున్నా దాన్ని బిగించేది మీటర్ల గదిలోనే, వైరు పోయేది ఉమ్మడి గోడల మీదనే. కాబట్టి మీటరు మార్చినంత మాత్రాన అనుమతి సమస్య తీరదు.

సేల్ డీడ్‌లో పార్కింగ్ గురించి వాడిన మాటలను ఒకసారి శ్రద్ధగా చదవండి. స్టిల్ట్ పార్కింగ్‌ను బిల్డరు ఫ్లాటులాగా విడిగా అమ్ముకోలేడని, అది ఉమ్మడి ప్రాంతమేనని సుప్రీంకోర్టు 2010లో నహల్‌చంద్ లాలూచంద్ కేసులో తీర్పు ఇచ్చింది. అది మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన తీర్పే అయినా, ఇలాంటి వివాదాల్లో న్యాయవాదులు ప్రస్తావించే తీర్పు అది. అందువల్ల ఆ స్థలంలో కారు పెట్టుకునే ప్రత్యేక హక్కు మీదే అని గట్టిగా వాదించవచ్చు గానీ, దాని పక్కనున్న స్తంభం, పైనున్న స్లాబు కూడా మీవేనని వాదిస్తే నిలబడదు. ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం, 1987 ప్రకారం ఉమ్మడి ప్రాంతాల్లో ఫ్లాటు యజమానులందరికీ విడదీయరాని వాటా ఉంటుంది. మీకు లేని ఏకపక్ష అధికారం కార్యదర్శికీ లేదు. నోటిమాటతో ‘కుదరదు’ అనడం అసోసియేషన్ నిర్ణయం కాదు. ఆయన ఒక్కరి అభిప్రాయం మాత్రమే.

అగ్నిప్రమాదం భయాన్ని మాత్రం కొట్టిపారేయకండి. ఇందులో మీ పొరుగువారి పక్షాన కూడా ఆలోచించమని మనవి. గీజరు అరగంట నడిచి ఆగిపోతుంది. కారు గంటల తరబడి ఆగకుండా కరెంటు లాగుతుంది. వదులుగా ఉన్న సాకెట్టు, సన్నని వైరు, ఎక్స్‌టెన్షన్ బాక్సు అంత సేపు వేడెక్కితే ప్రమాదమే. నా దగ్గరకు వచ్చిన ఒక వివాదంలో యజమాని రెండో అంతస్తు బాల్కనీ నుంచి మామూలు వైరు వేలాడదీసి కారు ఛార్జ్ చేసుకున్నారు. అసోసియేషన్ వైరు పీకేసింది. పోలీసు ఫిర్యాదు దాకా పోయింది. కొనేటప్పుడు ఒక్క పూట ఆగి, సరైన కేబుల్ వేయించి ఉంటే ఆ కుటుంబాలు ఇప్పటికీ పలకరించుకుంటూ ఉండేవి.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఛార్జింగ్‌కు ప్రత్యేక జాగ్రత్తలు ఉన్నాయి. వాటినే మీ దరఖాస్తుకు కొలబద్దగా పెట్టుకోండి. ఛార్జర్‌కు విడి సర్క్యూట్ ఉండాలి, దానికి సొంత బ్రేకరు ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే పరికరం తప్పనిసరి. సాకెట్టు నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఎక్స్‌టెన్షన్ తీగ వాడకూడదు. ఎర్తింగ్ పరీక్ష చేయించి, ఆ రిపోర్టు చేతికి తీసుకోండి.

ఇక్కడ ఛార్జర్ ఎంపిక గురించి ఒక మాట. ఉచితంగా వచ్చింది కదా అని 7.4 కిలోవాట్లదే బిగించాలని లేదు. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగే కారుకు సుమారు ఆరు యూనిట్లు చాలు. 16 ఆంపియర్ల సాకెట్టు మీద నడిచే 3.3 కిలోవాట్ల ఛార్జర్ ఆ పని రెండు గంటల్లో చేస్తుంది. 7.4 కిలోవాట్ల ఛార్జర్ ఒక్కటే 32 ఆంపియర్లు లాగుతుంది. మీ ఒప్పంద లోడు (వాడుకుంటామని డిస్కంతో ఒప్పుకున్న పరిమితి) అయిదు కిలోవాట్లే అయితే, అదనపు లోడుకు దరఖాస్తు చేయక తప్పదు. అసోసియేషన్‌కు అభ్యంతరం చెప్పడానికి కారణాన్ని మనమే ఇచ్చినట్లవుతుంది. రోజూ దూరం తిరిగేవారైతే తప్ప చిన్నదానితో మొదలుపెట్టమనే నా సలహా.

ఇప్పుడు చేయవలసిన పని. లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతో కేబుల్ దారి గీయించండి. కేబుల్ మందం, బ్రేకరు, లీకేజీ పరికరం వివరాలు అందులో ఉండాలి. ఖర్చు మీదేనని, ఉమ్మడి గోడకు నష్టం జరిగితే బాగుచేయిస్తానని, ఉమ్మడి మీటరు తాకనని హామీ రాసి జత చేయండి. దరఖాస్తును అసోసియేషన్‌కు ఇచ్చి అందినట్లు సంతకం తీసుకోండి, లేదా స్పీడ్ పోస్టులో పంపండి. కమిటీలో పెట్టి, కాదంటే కారణాలు రాతపూర్వకంగా చెప్పమని కోరండి. బైలాస్ (అసోసియేషన్ నియమావళి) నకలు కూడా అడగండి. సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలా, కమిటీ తీర్మానం చాలా అన్నది అందులోనే ఉంటుంది.

ఇంత చేసినా సరైన కారణం లేకుండా తిరస్కరిస్తే, మీ అసోసియేషన్ ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైనదైతే సెక్షన్ 23 ప్రకారం మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు. సహకార చట్టం కింద నమోదై ఉంటే వేదిక మారుతుంది. అందుకే రిజిస్ట్రేషన్ పత్రం ముందు చూడండి. వెళ్లేముందు లాయర్ నోటీసు ఒకటి ఇవ్వండి. చాలా సందర్భాల్లో అక్కడితోనే పరిష్కారం అవుతుంది.

మీటరు సంగతికి వస్తే, ఇంటి మీటరు మీద వాడకం పెరిగితే పై స్లాబులోకి పోతారు. ఛార్జింగ్‌కు రాష్ట్రంలో విడి టారిఫ్ ఉంది. రెండింటినీ మీ నెలవారీ వాడకంతో లెక్కవేసి చూశాకే విడి మీటరు తీసుకోండి. ఇంటి మీటరు కరెంటుతో ఇతరుల కార్లను డబ్బు తీసుకుని ఛార్జ్ చేయకండి. అనుమతించిన అవసరానికి మించి వాడినట్లు తేలితే విద్యుత్ చట్టం, 2003 సెక్షన్ 126 కింద రెట్టింపు రేటుతో వసూలు చేస్తారు. లిఫ్టు, మోటారు నడిచే ఉమ్మడి మీటరుకు వైరు కలపడం అంతకన్నా తప్పు.

ఛార్జర్ బిగించాక లోపం బయటపడితే, అది కారుతో వచ్చినదైనా మీరు విడిగా కొన్నదైనా, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అమ్మినవారి ఊరికి తిరగనక్కర్లేదు, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. అందుకు బిల్లు, వారంటీ కార్డు, బిగించినవారు సంతకం చేసిన పరీక్ష రిపోర్టు మూడూ మీ దగ్గర ఉండాలి. రిపోర్టు ఇవ్వనంటే పూర్తి డబ్బు చెల్లించకండి.