సముద్రం కోడ్‌తో కలపడం: ముందు చిన్న కోడ్లతో నేర్పండి

తిరుపతిలో రీసెర్చ్ స్కాలర్లకు రెండు రోజుల వర్క్‌షాప్ పెడితే, వాతావరణ కోడ్‌ని (గాలి, వేడి ఎలా మారతాయో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) సముద్రం కోడ్‌తో కలిపే దగ్గర అందరూ ఆగిపోయారని మీరు రాశారు. టెన్షన్ వద్దండీ, నేర్పే వరుస మారిస్తే దారికొస్తుంది.

మొదటి రోజంతా డేటాకే ఇవ్వండి. తిరుపతి దగ్గరి గాదంకిలో పైపొరల గాలులను కొలిచే ఎంఎస్‌టీ రాడార్ డేటా లాంటిది మీ వాళ్లకు దగ్గరగా ఉంటుంది. అలాంటి ఫైల్‌ని నెట్‌సీడీఎఫ్‌లోకి (డేటాతో పాటు దాని వివరాలూ ఉంచుకునే ఫైల్ ఫార్మాట్) మార్పించండి. యూనిట్లు, సమయం యూటీసీనా (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఐఎస్‌టీనా (భారత సమయం) అన్నది ఫైల్లోనే రాయించండి. ఐదున్నర గంటల తేడా గమనించకపోతే తర్వాతి లెక్కలన్నీ పాడైపోతాయి. ఆ ఫైల్‌ని పక్కవాళ్లకిచ్చి, ఏమీ అడగకుండా గ్రాఫ్ గీయమనండి. ఎక్కడ ఆగితే అక్కడ వివరం రాయలేదన్నమాట.

రెండో రోజు డబ్ల్యూఆర్‌ఎఫ్ లాంటి పెద్ద వాతావరణ కోడ్ జోలికి వెళ్లొద్దు, కంపైల్ చేయడానికే పూట గడిచిపోతుంది. గాలికి ఒకటి, నీటికి ఒకటి, చిన్న కోడ్లు రెండు రాయించండి. గాలి కోడ్ వేడిని పంపాలి, నీటి కోడ్ ఉపరితల ఉష్ణోగ్రత తిరిగివ్వాలి. గ్రిడ్‌లూ (లెక్క కట్టే గళ్లు), టైమ్ స్టెప్‌లూ (ఒక్కో లెక్కకు మధ్య సమయం) కావాలనే వేరువేరుగా పెట్టండి. ఇటు పంపిన మొత్తం వేడి, అటు చేరిన మొత్తం వేడి సమానమో కాదో లెక్క తేల్చమనండి. నా దృష్టిలో అసలు కష్టమంతా ఇక్కడే. ఇది పట్టుబడ్డాక, ఇలాంటి కోడ్లను కలిపే ఓయాసిస్3-ఎంసీటీ అనే సాఫ్ట్‌వేర్ చూపించండి. గ్రిడ్‌ల మధ్య మార్పిడి అది చూసుకుంటుంది, ఏం అడగాలో మీ వాళ్లకు అప్పటికే తెలిసి ఉంటుంది.